ఫ్రిజ్ స్విచ్ వేస్తే ఇల్లంతా ఆరిపోయేది: బాపట్ల దగ్గర ఒక ఇంటికి ఇన్వర్టర్ ఎంపిక చేసిన తీరు

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. గాలివాన వెలిసిన వారానికి, పట్టణానికి దగ్గరలోని ఒక పల్లెలో ఉంటున్న రిటైర్డ్ ఉపాధ్యాయుడి ఇంటి నుంచి నాకు పిలుపు వచ్చింది. నేను బాపట్ల, చీరాల ప్రాంతంలో ఇళ్లకు వైరింగు చేస్తూ, ఇన్వర్టర్లు బిగిస్తూ, చెడిపోయినవి బాగుచేస్తూ ఉంటాను. ఆ ఇంట్లో అప్పటికే ఒక ఇన్వర్టర్ ఉంది. అయినా తుపాను రోజుల్లో అది వాళ్లను ఆదుకోలేదు. మాస్టారి భార్యకు మధుమేహం ఉంది. ఆమె వాడే ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. కరెంటు లేని ఆ రోజుల్లో ఇన్సులిన్ వయల్స్‌ను జనరేటర్ ఉన్న బంధువుల ఇంటికి పంపవలసి వచ్చింది.

"ఇన్వర్టర్ ఉండీ లేనట్టే అయింది బాబూ. ఫ్రిజ్ స్విచ్ వేస్తే ఇల్లంతా ఆరిపోతోంది. తీసేస్తే మళ్లీ ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఇంకా పెద్దది కొనుక్కోమంటారా?" అని మాస్టారు అడిగారు.

ఈ ప్రశ్న నేను తరచుగా వింటాను. దీనికి వెంటనే "అవును, పెద్దది కొనండి" అని జవాబు చెప్పడం తేలిక, కానీ ఆ జవాబు సగం ఇళ్లలో తప్పవుతుంది. దీపాలకూ టీవీకీ ఇన్వర్టర్ చూసేటప్పుడు వాట్లు కూడుకుంటే దాదాపు సరిపోతుంది. మోటారు ఉన్న వస్తువులకు, అంటే ఫ్రిజ్‌కు, గ్రైండర్‌కు, నీళ్ల మోటారుకు అలా కూడిన లెక్క పనికిరాదు. అవి తిరుగుతున్నప్పుడు తీసుకునే కరెంటు వేరు, తిరగడం మొదలుపెట్టే ఆ అర సెకనులో లాగే కరెంటు వేరు. ఇన్వర్టర్ గెలిచేదీ ఓడేదీ ఆ అర సెకనులోనే. ఆ అర సెకనును మీటరుతో కొలిచి, ఎక్కడ ఓడుతోందో తేల్చుకున్న తరువాతే ఆ ఇంట్లో ఏం కొనాలో నిర్ణయించాము. ఆ క్రమాన్నే ఇక్కడ రాస్తున్నాను.

పాత సెట్టు పరిస్థితి

ఇంట్లో ఉన్నది 850 వీఏ (వీఏ అంటే వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చేది) స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్, 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ఫ్లాట్ ప్లేట్ బ్యాటరీ. బ్యాటరీకి అయిదేళ్లు దాటాయి. మొదట దీన్ని నాలుగు ఫ్యాన్లకు, కొన్ని దీపాలకు మాత్రమే పెట్టించుకున్నారు. తరువాత ఎవరో వచ్చి ఫ్రిజ్ ప్లగ్గును కూడా అదే లైనులో కలిపారు. 850 వీఏ అని పెట్టె మీద రాసి ఉంటుంది కాబట్టి, ఫ్రిజ్ 115 వాట్లే కదా అని ఆ మనిషి అనుకుని ఉండవచ్చు. ఆ లెక్క కాగితం మీద తప్పు కాదు. 850 వీఏ ఇన్వర్టర్ పవర్ ఫ్యాక్టర్ (వీఏలో నిజంగా పనికి పోయే వాట్ల వాటా) 0.8 చొప్పున 680 వాట్ల వరకు మోయగలదు. నాలుగు ఫ్యాన్లకు 300 వాట్లు, దీపాలకు 50, ఫ్రిజ్‌కు 115 కలిపినా ఇంకా 200 వాట్లకు పైగా మిగులుతుంది.

నేను వెళ్లిన రోజు మెయిన్ కరెంటు ఉంది. ముందు ప్రతి మోటారునూ మెయిన్ మీదనే కొలిచాను. ఇన్‌రష్ కొలిచే క్లాంప్ మీటరును ఫేజు తీగకు తగిలించి స్విచ్ వేస్తే, మొదలయ్యే క్షణంలో వచ్చే ఎక్కువ కరెంటును అది పట్టి ఉంచుతుంది. ఆ సమయంలో సరఫరా వోల్టేజి 231.

ఫ్రిజ్ 190 లీటర్ల సింగిల్ డోర్ రకం, పాత పద్ధతి కంప్రెసర్ ఉన్నది. తిరుగుతున్నప్పుడు 0.85 ఆంపియర్లు తీసుకుంది. అంటే 196 వీఏ, కానీ అసలు వాట్లు 115 మాత్రమే, ఎందుకంటే దాని పవర్ ఫ్యాక్టర్ 0.6కు కాస్త తక్కువ. మొదలయ్యేటప్పుడు మాత్రం 8.6 ఆంపియర్లు లాగింది. దాన్ని 231తో గుణిస్తే 1,987 వీఏ. తిరిగేటప్పటి కరెంటుకు ఇది పదింతలు. గ్రైండర్ రెండు లీటర్ల టేబుల్ టాప్ రకం, ప్లేటు మీద 150 వాట్లు అని ఉంది; మినప్పప్పు పోసి రుబ్బుతున్నప్పుడు 1.3 ఆంపియర్లు తీసుకుంది, ఖాళీగా మొదలుపెట్టినప్పుడు 5 ఆంపియర్లు, పప్పు పోసి ఉంచి మొదలుపెడితే 6 దాటింది. పైగా పప్పు ఉన్నప్పుడు ఆ ఎక్కువ కరెంటు ఉండే సమయం కూడా పెరిగింది. నీళ్ల మోటారు అర హెచ్‌పీది, తిరిగేటప్పుడు 3.1 ఆంపియర్లు, మొదలయ్యేటప్పుడు 17. ఆ 17 అంకె చూపించి మాస్టారికి చెప్పాను: ఒక్క క్షణానికి అది దాదాపు 3,900 వీఏ.

ఫ్యాన్ల సంగతి వేరు. సీలింగ్ ఫ్యాను కూడా ఇండక్షన్ మోటారే అయినా, దాని రోటారు (తిరిగే భాగం) నిర్మాణం వల్ల మొదలయ్యేటప్పటి కరెంటు తిరిగేటప్పటి దానికంటే కొద్దిగానే ఎక్కువ ఉంటుంది. అందుకే ఏ ఇన్వర్టర్ మీదనైనా ఫ్యాన్లు తిరిగిపోతాయి, అందుకే మోటారంటే ఇంతే అని జనం అనుకుంటారు. మిక్సీ మళ్లీ మరో జాతి. అందులో కార్బన్ బ్రష్‌లు ఉన్న యూనివర్సల్ మోటారు ఉంటుంది, అది వేవ్ ఎలా ఉన్నా పెద్దగా పట్టించుకోదు. కాకపోతే 750 వాట్ల మిక్సీని పచ్చడికి వేస్తే ఈ ఇన్వర్టర్ మోయగల 680 వాట్లను అదొక్కటే దాటేస్తుంది.

ఈ తేడాలు ఎందుకు వస్తాయో మాస్టారు అడిగారు; ఆయన భౌతిక శాస్త్రం బోధించిన మనిషి. ఆగి ఉన్న ఇండక్షన్ మోటారు, సెకండరీ షార్టు చేసిన ట్రాన్స్‌ఫార్మరుతో దాదాపు సమానం, అందుకే చాలా కరెంటు లాగుతుంది. రోటారు వేగం అందుకునే కొద్దీ దానికీ స్టేటారులో (కదలని భాగంలో) తిరిగే అయస్కాంత క్షేత్రానికీ ఉన్న వేగపు తేడా తగ్గి, కరెంటు కిందికి దిగుతుంది. దిగడానికి ఎంత సేపు పడుతుందన్నది మోటారు మీద ఉన్న బరువును బట్టి ఉంటుంది. ఫ్రిజ్ కంప్రెసర్ గ్యాసు ఒత్తిడికి ఎదురు మొదలవ్వాలి, గ్రైండర్ రాళ్ల బరువుకూ పిండి జిగటకూ ఎదురు మొదలవ్వాలి. ఇది చెప్పగానే ఆయనకు విషయమంతా అందింది.

ఎక్కడ ఓడుతోంది

తరువాత మెయిన్ ఆపి, ఇన్వర్టర్ మీద ఫ్రిజ్ వేశాము. ఫ్యాన్లు ఒక్కసారి కుంగాయి, దీపాలు మినుకుమన్నాయి, ఇన్వర్టర్ కూత పెట్టి ఆగిపోయింది. కొన్ని సెకన్లకు తనంతట తానే మళ్లీ మొదలైంది, మళ్లీ అదే జరిగింది. మూడోసారి ఫ్రిజ్ వెనక నుంచి "టిక్" మని ఒక చిన్న శబ్దం వచ్చింది. ఆ శబ్దం కంప్రెసర్ పక్కన ఉండే ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్‌ది. మోటారు తిరగకుండా కరెంటు లాగుతూ ఉంటే లోపలి రేకు వేడెక్కి వంగి, లైను తెంచేస్తుంది.

ఇక్కడ ఒక విషయం దగ్గరగా చూడాలి. ఈ రకం కంప్రెసర్లో స్టార్టింగ్ వైండింగును కలిపి తీసేసేది పీటీసీ రిలే. చల్లగా ఉన్నప్పుడు అది కరెంటును వదులుతుంది, వేడెక్కాక అడ్డుకుంటుంది. ఒకసారి వేడెక్కాక మళ్లీ చల్లారడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అదే సమయంలో కంప్రెసర్ రెండు వైపులా గ్యాసు ఒత్తిడి కూడా సమం కావాలి. అంటే ఆగిన కంప్రెసర్‌కు మూడు నుంచి అయిదు నిమిషాల విరామం తప్పనిసరి. కానీ ఈ ఇన్వర్టర్ కొన్ని సెకన్లకోసారి మళ్లీ మళ్లీ కరెంటు ఇస్తోంది. చల్లారని రిలేతో, సమం కాని ఒత్తిడితో కంప్రెసర్ ఎన్నిసార్లు ప్రయత్నించినా లేవదు. తుపాను రాత్రి ఫ్రిజ్‌ను ఒక్కసారైనా లేపుదామని వాళ్లు ఎన్నిసార్లు స్విచ్ వేశారో అన్నిసార్లు దాని అవకాశాన్ని తగ్గించారు. అమ్మగారికి ఈ మాట చెప్పినప్పుడు ఆమె బాధపడ్డారు. తప్పు వాళ్లది కాదని, ఆ సంగతి చెప్పవలసిన వాళ్లెవరూ వాళ్లకు చెప్పలేదని అన్నాను.

అయిదు నిమిషాలు ఆగి, ఈసారి ఇన్వర్టర్ లోపలి వైపు కొలతలు తీసుకున్నాను. మల్టీమీటరులో కనిష్ఠ విలువను పట్టి ఉంచే బటను వాడి రెండు చోట్ల వోల్టేజి చూశాను: బ్యాటరీ సీసపు స్తంభాల మీద ఒకసారి, ఇన్వర్టర్ టెర్మినళ్ల దగ్గర ఒకసారి. ఖాళీగా ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టులు చూపింది. ఫ్రిజ్ మొదలయ్యే క్షణంలో బ్యాటరీ స్తంభాల మీద 11.3కు పడింది, ఇన్వర్టర్ దగ్గర 9.9కు పడింది. ఆ క్షణంలో డీసీ క్లాంపు 150 ఆంపియర్లు చూపింది. మధ్యలో 1.4 వోల్టులు ఎక్కడికి పోయాయి? బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కు వెళ్లే తీగలోనే. అది 10 చదరపు మిల్లీమీటర్ల తీగ, రానూ పోనూ మూడు మీటర్లు. ఆ సైజు రాగి తీగకు మీటరుకు సుమారు 1.9 మిల్లీ ఓంల నిరోధం ఉంటుంది, కాబట్టి 150 ఆంపియర్ల దగ్గర తీగే 0.86 వోల్టు తినేస్తుంది. మిగిలిన అర వోల్టు నెగటివ్ లగ్గులో, అంటే తీగ చివర బిగించే లోహపు ముక్కలో పోయింది. పైన వేసిన నల్ల స్లీవ్ కోసి చూస్తే, లోపల రాగి పోగులు పచ్చగా చిలుమెక్కి, వేళ్లతో నలిపితే సగం రాలిపోయాయి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది నాకు కొత్త కాదు.

చాలా ఇన్వర్టర్లు బ్యాటరీ వోల్టేజి 10.5 చుట్టూ పడగానే లో బ్యాటరీ అని ఆగిపోతాయి. నిండుగా ఉన్న బ్యాటరీని అది ఖాళీ అనుకుంటోంది. అందువల్ల ముందు ఇన్వర్టర్‌ను కాదు, తీగను అనుమానించాలి. నేను 25 చదరపు మిల్లీమీటర్ల తీగ, కొత్త లగ్గులు వేసి మళ్లీ పరీక్షించాను. ఫ్యాన్లన్నీ ఆపి, మధ్యలో అయిదేసి నిమిషాలు వదిలి, అయిదుసార్లు వేస్తే రెండుసార్లు ఫ్రిజ్ లేచింది. నాలుగు ఫ్యాన్లు తిరుగుతుండగా ఒక్కసారీ లేవలేదు. ఆమ్లం సాంద్రతను కొలిచే హైడ్రోమీటరుతో చూస్తే బ్యాటరీలో ఒక సెల్లు 1.180 దగ్గర ఉంది, మిగిలినవి 1.240 దగ్గర ఉన్నాయి. అందుకని నా షాపు నుంచి మంచి బ్యాటరీ ఒకటి తెప్పించి దానితో కూడా చూశాను. ఫ్యాన్లు లేకుండా అయిదుకు నాలుగుసార్లు లేచింది, ఫ్యాన్లతో అయిదుకు ఒక్కసారి. అంటే తీగ, బ్యాటరీ, ఇన్వర్టర్ మూడింటిలోనూ లోపం ఉంది; కానీ మొదటి రెండూ సరిచేసినా మూడోది ఆ ఇంటి బరువుకు చాలదని తేలింది. ఈ మెట్లన్నీ ఎక్కకుండా కొత్త ఇన్వర్టర్ తెచ్చి ఆ పాత తీగకే తగిలించి ఉంటే, కొత్తది కూడా ఆగిపోయేది, నింద దాని మీద పడేది.

వేవ్ గురించి

ఈ ఇంట్లో రెండో ఫిర్యాదు కూడా ఉంది. ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు "గుంయ్" మని మూలుగుతాయి, పడకగదిలో ఫ్యాను రెగ్యులేటరు రెండుసార్లు కాలిపోయింది. కారణం స్క్వేర్ వేవ్. మెయిన్ కరెంటులో వోల్టేజి మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది, దీన్నే సైన్ వేవ్ అంటారు. స్క్వేర్ వేవ్‌లో ఒక్క దూకుతో ఎక్కి ఒక్క దూకుతో దిగుతుంది. ఆ దూకుడులో 50 హెర్ట్జ్‌తో పాటు 150, 250, 350 హెర్ట్జ్‌ల కంపనాలు కూడా కలిసి ఉంటాయి. 150 హెర్ట్జ్‌ది 50 హెర్ట్జ్‌దానిలో మూడో వంతు, 250 హెర్ట్జ్‌ది అయిదో వంతు చొప్పున. మోటారును తిప్పేది 50 హెర్ట్జ్ భాగమే. మిగతావి వైండింగునూ ఇనుమునూ వేడి చేస్తాయి, మూలుగుగా వినిపిస్తాయి. కెపాసిటర్ రకం రెగ్యులేటరు మీద ప్రతి దూకు దగ్గరా ఒక పదునైన కరెంటు పోటు పడుతుంది, అది కొన్నాళ్లకు దాన్ని తినేస్తుంది.

కంప్రెసర్ విషయంలో నష్టం ఇంకా ఎక్కువ. ఇండక్షన్ మోటారు తిప్పే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజి 80 శాతానికి పడితే బలం 64 శాతానికి పడుతుంది. మొదలయ్యే క్షణంలో ఇన్వర్టర్ వోల్టేజి కుంగితే కంప్రెసర్‌కు లేచే బలం ఉండదు. లేవకుండా నిలబడి కరెంటు మాత్రం లాగుతుంది.

తోటి పనివాళ్ల కోసం ఒక మాట. మామూలు చవక మల్టీమీటరు సగటును కొలిచి, అది సైన్ వేవ్ అనుకుని చూపిస్తుంది. పూర్తి స్క్వేర్ వేవ్ మీద దాని రీడింగు అసలు కంటే 11 శాతం ఎక్కువ వస్తుంది. 220 ఉన్న చోట 244 కనిపిస్తుంది, మనం వోల్టేజి బాగుందని వెనక్కి వచ్చేస్తాం. ఈ పనికి వేవ్ ఏ ఆకారంలో ఉన్నా అసలు విలువ చూపే ట్రూ ఆర్ఎంఎస్ మీటరే వాడాలి.

ముందున్న దారులు

మొదటిది, 1100 వీఏ సైన్ వేవ్ ఇన్వర్టర్, ఒకే 12 వోల్టుల బ్యాటరీ. ఖర్చు తక్కువ. కొత్తలో ఫ్రిజ్ లేస్తుందనే నా అంచనా. కానీ ఆ క్షణానికి ఒకే బ్యాటరీ మళ్లీ 150 ఆంపియర్ల దాకా ఇవ్వాలి. నిండుగా ఉన్న కొత్త బ్యాటరీ అది ఇవ్వగలదు. సగం ఖాళీ అయిన, మూడేళ్ల బ్యాటరీ ఇవ్వలేదు. ఫ్రిజ్ అవసరం సరిగ్గా అప్పుడే, కరెంటు పోయి ఆరేడు గంటలు గడిచాకనే ఉంటుంది. పని చేయవలసిన వేళకు ఓడిపోయే ఏర్పాటును నేను సిఫారసు చేయలేను.

రెండోది, ఫ్రిజ్‌నే మార్చడం. ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్న ఫ్రిజ్ మెల్లగా వేగం అందుకుంటుంది, కాబట్టి మొదలయ్యేటప్పటి ఎగిసిపాటు దాదాపు ఉండదు. అలాంటి ఫ్రిజ్ అయితే మొదటి దారే చాలు. ఇది నాకు నచ్చిన దారి, మాస్టారికి నిజాయితీగా చెప్పాను కూడా. కానీ వాళ్ల ఫ్రిజ్ కొని మూడేళ్లే అయింది, చక్కగా చల్లబరుస్తోంది. బాగున్న వస్తువును పారేయడం ఆయనకు ఇష్టం లేదు, ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది.

మూడోది, నీళ్ల మోటారుతో సహా అన్నీ నడిపే పెద్ద సెట్టు. అమ్మగారి కోరిక ఇదే. తుపాను రోజుల్లో నీళ్లకు పడ్డ అవస్థ ఆమె మరచిపోలేదు. 17 ఆంపియర్ల పోటును మోయాలంటే 3.5 కేవీఏ (3,500 వీఏ) చుట్టూ ఉన్న ఇన్వర్టర్, నాలుగు బ్యాటరీలు కావాలి. రోజుకు ఇరవై నిమిషాలు తిరిగే మోటారు కోసం నాలుగు బ్యాటరీలను ఏళ్ల తరబడి చార్జి చేసుకుంటూ, డిస్టిల్డ్ వాటర్ పోసుకుంటూ కూర్చోవాలి. నీళ్లను నిలవ చేసుకోవడం కరెంటును నిలవ చేసుకోవడం కంటే ఎంతో చవక. వాళ్ల మేడ మీద 500 లీటర్ల ట్యాంకు ఉంది. దాని పక్కన మరో 1,000 లీటర్లది పెట్టించుకోమన్నాను. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా నిలబడ్డాను, కాస్త వాదన కూడా జరిగింది. చివరికి ఆమె ఒప్పుకున్నారు.

నాలుగోది, చివరికి మేము ఎంచుకున్నది: 24 వోల్టుల మీద నడిచే, 2 కేవీఏకు కాస్త తక్కువ సామర్థ్యం ఉన్న సైన్ వేవ్ ఇన్వర్టర్, రెండు 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు. బ్యాటరీ వోల్టేజి రెట్టింపు అయితే అంతే శక్తికి కరెంటు సగమవుతుంది, తీగలో పోయే వోల్టేజి సగమవుతుంది, అది మొత్తంలో వాటాగా చూస్తే నాలుగో వంతుకు దిగుతుంది. మోటార్ల ఇంటికి 24 వోల్టులు కావాలని నేను చెప్పడానికి అసలు కారణం ఇదే. ఎక్కువ గంటలు నడవడం ఆ వెంట వచ్చే లాభం.

ఇన్వర్టర్ కొనేటప్పుడు మూడు విషయాలు చూశాను. పెట్టె మీది వీఏ కాకుండా, ఎంత ఓవర్‌లోడును ఎన్ని సెకన్లు భరిస్తుందో కరపత్రంలో చదివాను. లోపల బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న రకాన్నే తీసుకున్నాను. తేలికైన హై ఫ్రీక్వెన్సీ రకాలు మంచి పనితనం చూపినా, మోటారు పోటును తట్టుకోవడంలో రాగి వైండింగు ఉన్న బరువైన ట్రాన్స్‌ఫార్మర్ మీద నాకు నమ్మకం ఎక్కువ. చేత్తో ఎత్తి చూస్తే తేడా తెలుస్తుంది. మూడోది, ఖాళీగా ఉన్నప్పుడు అది తనకు తాను ఎంత తింటుందో కొలిచాను: 25 వాట్లు. రోజంతా నడిచే దానిలో ఇది చిన్న అంకె కాదు. బ్యాటరీల మీద ఐఎస్ 13369 గుర్తు, తయారైన నెల చూశాను. షాపులో ఏడాదిగా పడి ఉన్న బ్యాటరీని కొత్తదిగా అమ్మడం నేను చూశాను.

ఎన్ని గంటలు వస్తుందన్నది అమ్మగారికి ముఖ్యమైన ప్రశ్న. రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టుల వద్ద 150 ఏహెచ్, అంటే 3,600 వాట్ అవర్లు. వాటి ఆయుష్షు కోసం నాలుగింట మూడు వంతులే వాడదామనుకుంటే 2,700. తుపాను రోజుల పద్ధతిలో ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, రెండు మూడు దీపాలు నడవాలి. ఫ్రిజ్ కంప్రెసర్ ఆగుతూ తిరుగుతూ ఉంటుంది కాబట్టి సగటున 55 వాట్లు పడుతుంది. పాత 75 వాట్ల ఫ్యాన్లతోనైతే, దీపాలకు 30 కలుపుకొని మొత్తం 235 వాట్లు. ఇన్వర్టర్ తరుగు, దాని సొంత ఖర్చు కలిపితే బ్యాటరీ మీద సుమారు 285 వాట్లు పడి, తొమ్మిదిన్నర గంటలకు అయిపోతుంది. రెండు పడకగదుల్లో తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే బ్యాటరీ మీద బరువు 190 వాట్లకు దిగి, 14 గంటలకు పైగా వస్తుంది. ఇంకా బ్యాటరీల మీద డబ్బు పెట్టడం కంటే ఆ రెండు ఫ్యాన్ల మీద పెట్టడం మేలు. వాళ్లు ఫ్యాన్లే మార్చుకున్నారు.

బిగింపు, పరీక్ష

2024 జనవరి మొదట్లో పని పూర్తి చేశాను. బ్యాటరీలను గాలి ఆడే వసారాలోకి మార్చి, ఇన్వర్టర్‌ను వాటికి మీటరు దూరంలోనే పెట్టాను. 25 చదరపు మిల్లీమీటర్ల తీగకు లగ్గులను సుత్తితో కొట్టకుండా క్రింపింగ్ యంత్రంతో ఒత్తి, పైన పెట్రోలియం జెల్లీ రాశాను. ఫ్రిజ్‌కు వేరే ఎంసీబీతో సొంత లైను లాగి, దాని ప్లగ్గు దగ్గర నాలుగు నిమిషాల ఆలస్యం ఇచ్చే వోల్టేజి ప్రొటెక్టరు పెట్టాను. ఏ కారణం చేత కరెంటు ఆగినా, రిలే చల్లారి ఒత్తిడి సమమయ్యాకనే కంప్రెసర్‌కు మళ్లీ కరెంటు అందుతుంది. గీజరు, ఇస్త్రీ పెట్టె, నీళ్ల మోటారు లైన్లను ఇన్వర్టర్ నుంచి పూర్తిగా విడదీశాను. వేరు వేరు లైన్ల న్యూట్రల్స్ ఒకచోట కలిసిపోయి ఉంటే వాటిని కూడా విడగొట్టాను. ఆ పనికే సగం రోజు పట్టింది.

అయిదు నిమిషాల విరామాలతో ఫ్రిజ్‌ను పదిసార్లు మొదలుపెట్టాము, నాలుగు ఫ్యాన్లూ తిరుగుతుండగానే. పదిసార్లూ లేచింది. ఆ క్షణంలో ఇన్వర్టర్ ఇచ్చే వోల్టేజి 226 నుంచి 197కు పడి వెంటనే కోలుకుంది. బ్యాటరీ వైపు 25.4 నుంచి 24.5కు దిగింది, కరెంటు 70 ఆంపియర్లు, తీగలో పోయింది 0.1 వోల్టు మాత్రమే. పాత సెట్టులో పోయిన 1.4 పక్కన ఈ అంకెను రాసి మాస్టారికి ఇచ్చాను. తరువాత గ్రైండరులో పప్పు రుబ్బుతుండగా ఫ్రిజ్ మొదలుపెట్టాము. వోల్టేజి 189కి పడింది, అయినా లేచింది. దానికి తోడు మిక్సీ కూడా వేస్తే ఓవర్‌లోడ్ కూత వచ్చింది, ఆగలేదు. కరెంటు లేనప్పుడు గ్రైండరు, మిక్సీ రెండూ ఒకేసారి వేయవద్దని, గ్రైండరును ఖాళీగా తిప్పి ఆ తరువాతే పప్పు పోయమని అమ్మగారికి చెప్పాను.

"రాళ్లు తిరిగాకనే పప్పు పోస్తాను నాయనా, మా అమ్మ దగ్గర నేర్చుకున్నదే" అన్నారామె.

మే నెలలో

ఎండలు ముదిరాక మాస్టారి నుంచి మళ్లీ ఫోను వచ్చింది. సాయంత్రాలు మెయిన్ కరెంటు ఉండగానే ఇన్వర్టర్ బ్యాటరీ మీదకు వెళ్తోందని, రోజుకు పది పదిహేనుసార్లు అలా జరుగుతోందని చెప్పారు. వెళ్లి కొలిచాను. ఏడు గంటలకు ఆ వీధిలో వోల్టేజి 172కు పడుతోంది. వాళ్ల ఇన్వర్టర్ యూపీఎస్ మోడులో ఉంది. ఆ మోడులో మెయిన్ వోల్టేజి 180 కంటే తగ్గితే బ్యాటరీకి మారిపోతుంది, ఫ్రిజ్ ఆగనంత వేగంగా మారుతుంది. రెండో మోడులో పెడితే 100 వోల్టుల దాకా మెయిన్ మీదనే ఉంటుంది, ఆ మార్పులన్నీ ఆగుతాయి. మామూలుగా ఇలాంటి ఫిర్యాదు వస్తే ఆ స్విచ్ అటు నొక్కి వచ్చేస్తారు.

నేను నొక్కలేదు. ఆ మోడులో వోల్టేజి 150కి పడితే ఆ 150 వోల్టులే నేరుగా కంప్రెసర్‌కు అందుతాయి. 230తో పోలిస్తే లేచే బలం అప్పుడు సగం కూడా ఉండదు. పక్కనున్న ప్రొటెక్టరు 170 దగ్గర ఫ్రిజ్‌ను ఆపేస్తుంది కాబట్టి కంప్రెసర్ కాలదు, కానీ వోల్టేజి అంత పడిన సేపంతా ఫ్రిజ్ నడవదు, లోపల ఇన్సులిన్ ఉంటుంది. యూపీఎస్ మోడులో సాయంత్రం వోల్టేజి తగ్గిన సేపంతా బ్యాటరీ మీద నడిచినా, రాత్రి పదిన్నరకు వోల్టేజి 210 దాటాక 15 ఆంపియర్ల చార్జింగుతో తిరిగి నిండుతుంది. హైడ్రోమీటరు పెట్టి చూస్తే పన్నెండు సెల్లులూ ఒకదానికొకటి దగ్గరగా, 1.235 నుంచి 1.245 మధ్య ఉన్నాయి. అందువల్ల మోడు మార్చవద్దని, వీధి ట్రాన్స్‌ఫార్మరు మీద బరువు గురించి ఇరుగుపొరుగు అందరితో కలిసి విద్యుత్ శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వమని చెప్పాను. అది ఇన్వర్టర్ తీర్చే సమస్య కాదు. సాయంత్రాల వోల్టేజిని వారం రోజుల పాటు గంటకోసారి రాసిపెట్టమని మాస్టారికి ఒక చిన్న మీటరు ఇచ్చి వచ్చాను. వారం తిరిగేసరికి ఆయన గీతల నోటుపుస్తకంలో తేదీ, గంట, వోల్టేజి, ఆ సమయంలో ఫ్రిజ్ తిరుగుతోందా ఆగిందా అన్న నాలుగు వరుసలతో పట్టిక తయారు చేసి ఉంచారు. ఫిర్యాదుకు ఆ పట్టికనే జతచేశాము.